అద్దం చూడొద్దన్న కండక్టరు

కొత్తగూడెం బస్టాండు గేటు పక్కన ఎవరో పోయారని ఫ్లెక్సీ కట్టారు. అలాంటివి రోజూ కడుతూనే ఉంటారు, ఎవరూ ఆగి చూడరు. నేనూ చూసేదాన్ని కాదు, కానీ ఆ మీసం కంట్లో పడింది. రంగు వేసి నిగనిగలాడించిన నల్లటి మీసం, దాని కింద తనకు తానే తెగ నచ్చినట్టు ఒక నవ్వు, కుడిచేతి చిటికెన వేలికి అంగుళం పొడుగు గోరు. ఫొటోలో కూడా ఆ వేలు పైకెత్తే ఉంచాడు మహానుభావుడు. కింద "హస్తవాసి గల ప్రజావైద్యుడు, నిస్వార్థ సేవకుడు, మీకివే మా అశ్రునివాళులు" అని రాసి, ఏడుస్తున్నవాళ్ల ఫొటోలు వరసగా అతికించారు. వాళ్లలో కొందరిని గుర్తుపట్టాను. ముఖాలను బట్టి కాదు, తలలను బట్టి. ఒకప్పుడు నడిదారిలో ఆపిన బస్సులో నా ముందు వంచి చూపించిన తలలవి.

ఆయన పేరు నేను రాయను. ఫ్లెక్సీ మీద అరచేతి మందాన రాసి ఉంది, ఆ కీర్తి చాలు.

ముదిగొండ వైపు బదిలీ అయ్యాక నేను ఈ బస్టాండుకు రావడం బాగా తగ్గింది. ఆ రోజు అక్కను, బావను చూసి పోదామని వచ్చాను. అంతకుముందు కొన్నేళ్లపాటు మాత్రం రోజూ పొద్దున ఇక్కడే పల్లెవెలుగు బస్సెక్కి, చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉండే ఒక ఊరి బడికి పాఠాలు చెప్పడానికి వెళ్లేదాన్ని. ఆ బస్సు కండక్టరే ఈయన. డాక్టరు కాదు, ఆరెంపీ కాదు, కనీసం మందుల షాపులో సీసాలు తుడిచిన మనిషి కూడా కాదు. అయినా ఆ దారి పొడుగునా ఆయన్ని కండక్టర్ డాక్టర్ అనేవారు. వెంట్రుకలు, గోళ్లు, నోరు, ఈ మూడూ ఆయన రాజ్యం. జ్వరమని చెబితే పట్టించుకునేవాడు కాదు, "అది చిన్న డాక్టర్లు చూస్కుంటరు" అనేవాడు.

టికెట్టుకు చెయ్యి చాపామంటే ఆ చెయ్యి మనది కాదన్నమాట. పైసలు తీసుకునేవాడు కాదు, ముందు చెయ్యి తిప్పి వెలుతురుకు పట్టి గోళ్లు చూసేవాడు. ఆ చిటికెన గోటితో మన గోటి మీద ఓసారి గీకేవాడు. తరువాత గొంతు పెంచి, వెనక సీటుదాకా వినపడేలా తీర్పు చెప్పేవాడు.

"ఏంది పెద్దమ్మా గీ గోర్లు? చెంచాల లెక్క గుంటలు పడ్డయ్. నీ ఒంట్ల రక్తం లేదు పో."

"నాకాడ పైసలే లేవు, ఇగ రక్తమేడికెల్లి వస్తది సారూ," అని ఆ పెద్దమ్మ అంటే బస్సంతా నవ్వేది. ఆయన నవ్వేవాడు కాదు. వైద్యం దగ్గర ఆయనకు హాస్యం గిట్టదు. "నోరు అబద్ధమాడుతది. గోరు ఆడదు," అనేవాడు. ఇది ఆయన సొంత వాక్యం. రోజుకు కనీసం ఒకసారైనా అనకపోతే ఆయనకు అన్నం అరిగేది కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మొదటిసారి ఆ బస్సెక్కినప్పుడు నా చెయ్యి కూడా అలాగే తిప్పాడు. గోళ్లకు లేత రంగు వేసుకుని ఉన్నాను. "టీచరమ్మా, రోగం దాస్తున్నవ్," అన్నాడు. పక్క సీటామె జాలిగా నావైపు చూసి కొంచెం జరిగింది. ఆ రోజు నుంచి నేను టికెట్టు పైసలు పిడికిట్లో పెట్టి, గోళ్లు లోపలికి మడిచి ఇవ్వడం మొదలుపెట్టాను. ఆయన దాన్ని కూడా రోగం కిందే లెక్కవేశాడు.

పైపెచ్చు ఆయన శుభ్రత ఒకటి. టికెట్టు చించాలంటే చూపుడు వేలు నాలుకకు అద్దుకునేవాడు. ఆ వేలితోనే ఎవరి నెత్తో తడిమేవాడు. ఆ వేలితోనే ఎవరి చిగురో నొక్కి చూసేవాడు. మళ్లీ నాలుకకు అద్దుకుని నాకు టికెట్టు ఇచ్చేవాడు. నేను ఆ టికెట్టును రెండు గోళ్ల మధ్య పట్టుకుని, బస్సు దిగేదాకా ఎక్కడ పెట్టాలో తెలియక ఇబ్బంది పడేదాన్ని.

మిరపకాయలు ఏరే కాలం వస్తే బస్సు నిండా కూలికి పోయే ఆడవాళ్లు. ఆ ఘాటుకు గోళ్ల మొదళ్లు పాసి, ఉబ్బి, గోరుచుట్టు లేచేది. ఈయన సంచీలో నిమ్మకాయలు పెట్టుకుని వచ్చి, చిటికెన గోటితో పైన బొక్క చేసి, ఒక్కొక్కరి వేలికి తొడిగేవాడు. ఇంటింటా అమ్మమ్మలు చేసే వైద్యమే అది. కానీ ఈయన తొడిగితే అదేదో కిరీటం పెట్టినట్టు. "కండక్టర్ సారూ, గీ నిమ్మకాయతోటి టికెట్ ఎట్ల పట్టుకోవాలె?" అని ఒకామె అడిగితే, "పట్టుకోకు, నువ్వు నా పేషెంటువి, చెకింగ్ వస్తే నేను చెప్త," అన్నాడు. ఆ మాటకు ఆమె మురిసిన తీరు చూడాలి. చీము పగిలి తగ్గితే ఆయన గొప్ప. తగ్గకపోతే ఆమె నిమ్మకాయ ముందే తీసేసిందన్నమాట.

ఆయన అసలు పేరు తెచ్చుకున్నది పేనుకొరుకుడుతో. తలలోనో గడ్డంలోనో రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు రాలిపోయి నున్నగా తేలే జబ్బు. పేనుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఖమ్మంలో చర్మాల డాక్టరమ్మ ఒకావిడ నాకు తరువాత చెప్పింది, అందులో చాలావాటికి ఏ మందూ వేయకపోయినా కొన్ని నెలలకు వెంట్రుకలు వాటంతటవే మొలుస్తాయట. ఈయన గురివింద గింజ అరగదీసి ఆ మచ్చకు పట్టించి, వాటంతటవే వచ్చే వెంట్రుకలకు తాను తండ్రినన్నట్టు తిరిగేవాడు. రేపు తెల్లవారుతుందని చెప్పి, తెల్లవారాక నా వల్లే అని దండ వేయించుకునే రకం.

పైసా తీసుకునేవాడు కాదు, నిజమే. అక్కడే నాకు మండేది. పైసలు తీసుకుంటే అడగొచ్చు, కొట్లాడొచ్చు. ఈయన తీసుకునేది వేరే. జబ్బు తగ్గినవాడు బస్సెక్కితే ఆయన విజిల్ ఊది బస్సు ఆపించేవాడు. "తమ్మీ, లేచి నిలబడు. తల వంచు. అందరికి చూపెట్టు. ఎవరు తెప్పిచ్చిండ్రు చెప్పు." ఆ పిల్లగాడు సిగ్గుతో తల వంచి, "కండక్టర్ సార్," అనాలి. అనేదాకా బస్సు కదిలేది కాదు. నాకు ప్రార్థనకు ఆలస్యమై హెడ్మాస్టరుతో మాటలు పడింది ఈ తలల వల్లే.

ఆయన వైద్యంలో ఒక కట్టుబాటు ఉంది. మందు వేశాక అద్దం చూడకూడదు. ఆయన స్వయంగా చూసి సరే అనేదాకా ఇంట్లో అద్దం గోడవైపు తిప్పి పెట్టాలి. ఆ జాగా ఇంకెవరికీ చూపించకూడదు, ఇంకో డాక్టరుకు అసలే చూపించకూడదు. చూస్తే మందు విరుగుతుంది. ఇది ఎంత తెలివైన ఏర్పాటో నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. రోజూ చూసుకుంటే వెంట్రుక మొలవడం కనిపించదు, మనసు చెడుతుంది. కొన్ని నెలలు చూడకుండా ఉండి ఒక్కసారి చూస్తే అద్భుతమే. అలా అడవి పక్క ఊళ్లలో, బొగ్గుబాయి క్వార్టర్లలో ఎన్ని అద్దాలు గోడలకు ముఖం పెట్టుకుని నిలబడ్డాయో.

మా అక్క ఇంట్లో కూడా నిలబడింది.

మా బావ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మనిషి మంచివాడు, కానీ తన మీసం ముందు అక్క కూడా రెండో భార్యే. పొద్దున లేచి మీసం దువ్వుకోనిదే చాయ్ తాగేవాడు కాదు. ఒక ఎండాకాలం ఆ మీసంలో ఎడమవైపు బొట్టుబిళ్లంత జాగా నున్నగా అయింది. తరువాత రూపాయంత అయింది. అక్క ఫోన్ చేసి నవ్వాపుకోలేక చెప్పింది. నేను వెళ్లి మరదలి హోదాలో, "ఏం బావా, ఎలుక కొరికిందా?" అన్నాను. మామూలుగా అయితే నా జడ పట్టుకుని గుంజేవాడు. ఆ రోజు తువ్వాల మూతికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. అప్పుడు నాకు కొంచెం జాలేసింది.

ఎవరో చెబితే బావ ఆదివారం పనిగట్టుకుని ఆ బస్సెక్కాడు. కండక్టరు చెయ్యి తిప్పి చూశాడట. బావ గోళ్ల మీద సూదితో గుచ్చినట్టు సన్నటి గుంటలున్నాయి, మేమెవరమూ ఎప్పుడూ గమనించలేదు. "మీసం సంగతి తర్వాత. గోర్లల్ల ముందే రాసుంది," అన్నాడట. ఖమ్మం డాక్టరమ్మను అడిగితే అది నిజమే అంది, ఈ జబ్బున్న కొందరి గోళ్లలో అలాంటి గుంటలుంటాయట. అంటే ఆ మనిషికి కళ్లున్నాయి. మంచి కళ్లు. నాకు కడుపుమంట అదే. గుడ్డివాడైతే క్షమించేదాన్ని. అంత చూపున్నవాడు ఊరందరికీ చూడొద్దని చెప్పాడు.

అక్క అద్దం గోడకు తిప్పింది. బొట్టు పెట్టుకోవాలంటే పక్కింటికి పోయేది. బావ మంగలి షాపులో కూడా కుర్చీ వెనక్కి తిప్పించుకుని కూర్చునేవాడట, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వినా సరే. వానలు వెనకబట్టేసరికి మీసం మొలిచింది, ముందు తెల్లగా, తరువాత నల్లగా. బావ బస్సులో నిలబడి, ఎవరూ అడగకముందే, "కండక్టర్ సార్ తెప్పిచ్చిండు," అని ప్రకటించాడు. ఆ రోజు నేనూ అదే బస్సులో ఉన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆయన నా దగ్గరికొచ్చి, "టీచరమ్మా, ఇన్నవా?" అన్నాడు. "విన్న," అన్నాను. మళ్లీ అడిగాడు. వినలేదని కాదు, ఇంకోసారి చెప్పించుకోవాలని.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఈయన నాకు ఒక నవ్వులాట మనిషిగా మిగిలిపోయేవాడు, ఫ్లెక్సీ చూసి అయ్యో అనుకునేదాన్ని.

బాయిలోకి దిగేటప్పుడు అగ్గిపెట్టె, బీడీ తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర తడిమి చూస్తారు. అందుకని లోపలికి పోయేవాళ్లలో చాలామందికి తంబాకు అలవాటు. అరచేతిలో సున్నం వేసి నలిపి, చెంపలో పెట్టుకుని షిఫ్టుకు దిగుతారు. బావకూ అంతే. ఎడమ చెంప ఆయన తంబాకు డబ్బా అని అక్క ఎగతాళి చేసేది. కొన్నాళ్లకు ఆ చెంప లోపల మంట మొదలైంది. కూరలో కారం తగ్గించమన్నాడు. తరువాత మజ్జిగన్నం తప్ప ముట్టలేదు. అక్క దవాఖానాకు పొమ్మంది. బావ కండక్టరు దగ్గరికి పోయాడు. ఎందుకు పోడు? మీసం తెప్పించిన మనిషి ఆయన.

కండక్టరు కిటికీ వెలుతురులో నోరు తెరిపించి చూసి, "పూత. ఒంట్ల వేడి," అన్నాడు. పొంగించిన వెలిగారం తేనెలో కలిపి రాయమన్నాడు. మామూలుగా చిన్నపిల్లల నోటిపూతకు రాసేదే. కట్టుబాటు మామూలే, అద్దం చూడొద్దు, ఎవరికీ చూపెట్టొద్దు, తంబాకు మానాలన్న ముక్క మాత్రం అనలేదు. అంటే పేషెంటు తప్పిపోతాడు కదా. అక్క మళ్లీ అద్దం తిప్పింది. నోరు ఏమైందో బావకు తెలియదు, చూడకూడదు కాబట్టి అక్కకూ తెలియదు. వెంట్రుక అయితే చూడకపోయినా మొలుస్తుంది. నోట్లో మొలిచేది కూడా చూడకపోయినా మొలుస్తుందని ఆయన అనుకోలేదు.

నేను దసరా సెలవులకు వెళ్లినప్పుడు అరటిపండు ఇచ్చాను. బావ దాన్ని గిన్నెలో వేసి మెత్తగా పిసుకుతున్నాడు.

"ఏంది బావా, చిన్నపిల్లగాని లెక్క?"

"నోరు తెరుస్తలేదే. వేడి దిగుతే తెరుస్తదట."

"ఏదీ, తెరువు."

"నీకు చూపెట్టొద్దు."

"చూపెట్టొద్దని ఎవరన్నరు?"

చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. గోడ మీద అద్దం వీపు కనిపిస్తూనే ఉంది. నేను లేచి దాన్ని ఇటువైపు తిప్పాను. అక్క "వద్దే, వద్దే," అంటూ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. బావను బలవంతాన కిటికీ దగ్గర నిలబెట్టి తెరువు అన్నాను. ఉన్నంత బలంతో తెరిచాడు, నా చూపుడు వేలొక్కటి పట్టేంత సందు. ఆ సందులోంచే కనిపించింది, చెంప లోపల సున్నం పూసినట్టు తెల్లటి పొర, దాని నడుమ ఎర్రగా ఒరుసుకుపోయిన పుండు. బావ అద్దంలో చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. "గిదేంది?" అన్నాడు మెల్లగా, నన్ను కాదు, అద్దాన్ని.

మర్నాడు అక్క ఆయన్ని దవాఖానాకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరు చూసి ఏమీ దాచలేదు. వెంటనే హైదరాబాదు పొమ్మని రాసిచ్చాడు.

బడి తెరిచిన రోజు నేను బస్సెక్కాను. ఆయన నా చెయ్యి కోసం చెయ్యి చాపాడు. నేను పైసలివ్వలేదు.

"మా బావ నోట్ల ఏమున్నది?" అన్నాను.

"పూత. వేడి. తగ్గుతది."

"చూసినవా?"

"చూసిన."

"ఎప్పుడు?"

"మొదట్ల."

"మల్ల?"

"మందేసినంక చూడొద్దు టీచరమ్మా. గింజ ఏసి రోజూ తవ్వి చూస్తరా?"

"నేను చూసిన. అద్దం తిప్పి ఆయనకు చూపెట్టిన. అది పూత కాదు. కేన్సరంటున్నరు."

ఆ మాటకు ఆయన చెయ్యి కిందికి దిగుతుందని, ముఖం మాడుతుందని, నేను రాత్రంతా కూడబెట్టుకున్న తిట్లన్నీ వింటాడని అనుకున్నాను. ఆయన బస్సువైపు తిరిగాడు.

"ఇన్నరా? అద్దం తిప్పిందట." ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "నేను మందు కడుతుంటే ఈమె అద్దం తిప్పింది. నమ్మకం లేని ఇంట్ల మందు పారదు. ఇగ నాది జిమ్మేదారి లేదు."

ముందు సీటులో ముసలమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో బిడ్డా, ఎందుకు తిప్పినవే?" వెనకనుంచి ఎవరో, "సదువుకున్నోల్లతోటి గిదే," అన్నారు. నేను ఏదో అరిచాను. ఏమరిచానో నాకే వినిపించలేదు, బస్సు అంత గోల. దిగిపోదామంటే రెండువైపులా అడవి. చివరికి నేను పైసలు తీసి ఇచ్చాను, ఆయన వేలు నాలుకకు అద్దుకుని టికెట్టు చించి ఇచ్చాడు. అంతకన్నా సిగ్గు నేను జన్మలో పడలేదు.

హైదరాబాదులో ఆపరేషన్ చేసి ఎడమ దవడ సగం, చెంప తీసేశారు. తొడ మీది చర్మం తెచ్చి కుట్టారు. తరువాత కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. కొన్ని నెలల ముందు వస్తే కోత చిన్నదయ్యేదని అక్కడి డాక్టరు అన్నాడు. అక్క వరండాలో బెంచీ మీద కూర్చుంది. తరువాత నావైపు చూడకుండా, "నువ్వు ఆ అద్దం తిప్పకపోతే..." అని ఆగిపోయింది. ఆ మాట మళ్లీ ఎన్నడూ అనలేదు. అప్పటినుంచి అక్క నాకు అన్నం వడ్డించినప్పుడల్లా అది ఆ ఇంట్లోనే ఎక్కడో ఉన్నట్టుంటుంది. బావ దవడ పోవడంలో కండక్టరు చెయ్యి సగమే, తంబాకుది సగం. మా అక్క మనసులో ఆ ముక్క నాటింది మాత్రం పూర్తిగా ఆయనే.

బావ ఇంటికొచ్చాక కండక్టరు చూడటానికి వచ్చాడట. నేను బడిలో ఉన్నాను, అక్క చెప్పింది. నోరు తెరుచుకోని మనిషికి బత్తాయిలు తెచ్చాడు. బావ చెయ్యి తిప్పి చూసి, "గోర్లు మంచిగున్నయ్," అన్నాడు. పోయేముందు బావ చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో అక్కకు వినపడలేదు, బావ చెప్పలేదు. ఆ తరువాత నాకు బదిలీ వచ్చింది. ఆ బస్సు, ఆ గోరు, ఆ నాలుక, అన్నీ తప్పాయి.

అందుకే ఫ్లెక్సీ చూడగానే నాకు సంతోషం కలిగింది. చచ్చినవాళ్లను గురించి అలా అనకూడదంటారు. అననివ్వండి, కలిగింది. ఆటో ఎక్కి అక్క క్వార్టరుకు వెళుతున్నంతసేపూ ఈ కబురు బావకు ఎలా చెప్పాలా అని మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అన్నాను, "బావా, ఇన్నవా? నీ కండక్టర్ డాక్టర్ పోయిండు."

అక్క తలుపు వెనకనుంచి చెయ్యి ఊపుతూనే ఉంది, చెప్పకు చెప్పకు అని. నేను ఆలస్యంగా చూశాను. ఆమెకు ముందే తెలుసు, దాచింది.

ఎందుకు దాచిందో అప్పుడు నాకు అద్దం చెప్పింది. అది మళ్లీ గోడవైపు తిరిగి ఉంది.

బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెంప లోపలికి పోయి ముఖం ఒకవైపుకు గుంజినట్టుంటుంది. కుడివైపు మీసం నెరిసి, దువ్వి, చక్కగా ఉంది. ఎడమవైపు ఏమీ లేదు, కరెంటు పెట్టిన మేరంతా నున్నగా, గోధుమ రంగులో మెరుస్తుంది. ఆ రోజు ఆ నున్నటి జాగా ఎర్రగా కమిలి ఉంది. కిటికీ గట్టు మీద అరగదీసే రాయి, పక్కన అగ్గిపెట్టె ఒకటి. జీవితమంతా అగ్గిపెట్టె జేబులో లేకుండా బాయికి పోయిన మనిషి. నేను తెరిచి చూశాను. అడుగున కొన్ని గురివింద గింజలు ఉన్నాయి.

"నెలనెలా వచ్చి ఇచ్చి పోతుండెనే," అంది అక్క నేల చూస్తూ. "మీసం తెప్పిస్త అన్నడట. ఒక్కసారి తెప్పిచ్చినోన్ని, మల్ల తెప్పియ్యనా అన్నడట."

అదన్నమాట ఆ చెవిలో చెప్పింది. నెలనెలా వచ్చాడట. తప్పు తెలిసి వచ్చాడో, ఇంకా తెలియకే వచ్చాడో, బస్సులో నిలబెట్టి చూపించుకోవడానికి ఆఖరికి ఇంకో తల కావాలని వచ్చాడో, నాకు తెలియదు. తెలుసుకునే ఓపిక కూడా లేదు. ఆ జాగాకు సబ్బు కూడా తగలనివ్వొద్దని హైదరాబాదులో చెప్పారు. ఈయన విషపు గింజ అరగదీసి పూయించాడు.

బావ నావైపు తిరిగాడు. ఆయన మాట ఇప్పుడు ముద్దముద్దగా వస్తుంది, అలవాటు లేనివాళ్లకు అర్థం కాదు. నాకు అర్థమైంది.

"ఇగ నా మీసం ఎవరు తెప్పిస్తరే?"

నా దగ్గర జవాబు ఉంది. కరెంటు పెట్టిన చోట వెంట్రుక మొదలే మాడిపోతుంది, ఇక ఎవరూ తెప్పించలేరు, వాడు బతికున్నా తెప్పించలేడు, వాడు అసలు మొదటిసారి కూడా తెప్పించలేదు, అదంతట అదే వచ్చింది. అన్నీ నాలుక చివర ఉన్నాయి. కొన్నేళ్లుగా ఉన్నాయి. అక్క నా ముఖంలోకి చూస్తోంది. బావ మిగిలిన సగం మీసాన్ని వేలితో సవరించుకుంటూ, పరీక్ష పేపరు ఇచ్చి మార్కుల కోసం చూసే నా బడిపిల్లల్లాగ చూస్తున్నాడు.

"గీ గింజలు పాతవడ్డయ్ బావా," అన్నాను. "ముదిగొండల ఒకాయన కాడ నూనె దొరుకుతది, నేను తెస్త. గిది రుద్దకు."

"వస్తదా?"

"వస్తది. నిదానంగ వస్తది."

"ఎప్పటికి?"

"ఎప్పటికని అడుగుతరా? నువ్వు అద్దం మాత్రం చూడకు."

ఆ మాట ఎవరన్నారా అని నేనే ఒకసారి అటూ ఇటూ చూశాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. బావ తల ఊపి, నిశ్చింతగా పడుకున్నాడు.

అగ్గిపెట్టె సంచీలో వేసుకుని వచ్చి, బస్టాండు దగ్గర మురిక్కాలువలో పారేశాను. వచ్చే ఆదివారం కొబ్బరినూనె సీసాకు కాగితం పీకేసి, మందని చెప్పి తీసుకుపోవాలి. ఫ్లెక్సీ మీద ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, వేలెత్తి. బతికున్నన్నాళ్లూ నా చెయ్యి తిప్పి చూశాడు, సరే. చచ్చాక నా నోటితోనే వైద్యం చేయిస్తున్నాడు, వెధవ.